మంచు మోసుకొచ్చిన రాయి

మా మెట్‌పల్లిలో యాత్రకు పోయివచ్చినవాళ్ళ కాళ్ళు కడిగి మొక్కడం ఆనవాయితీ. పోలేనివాళ్ళకు, పోయివచ్చినవాళ్ళ పాదాల దుమ్ములో కొంత పుణ్యం దక్కుతుందని నమ్మకం. నేను తిరిగి వచ్చిన మరునాడు పొద్దున్నే మా వాడకట్టు ఆడవాళ్ళు చెంబులతో వాకిట్లో నిలబడ్డారు. "ఏ దేవుని కాడికి పోయినవ్ అక్కా? ప్రసాదమేది?" అన్నారు. ఆసిఫాబాద్ అడవిలో ఉన్న చెల్లె ఇంటికి పోయానన్నాను. సగంమంది చెంబులు తిప్పుకుని వెళ్ళిపోయారు. మిగిలిన సగంమందిని కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

నేను బడి ముఖం చూసినదాన్ని కాదు. మా బాపు పసుపు ఆరబెట్టే కళ్ళంలో, దుమ్ములో వేలితో అక్షరాలు దిద్దించాడు. మమ్మల్ని కన్న అవ్వ పోయినప్పుడు చెల్లె లచ్చవ్వకు నాలుగేళ్ళు. దాన్ని సాకింది నేనే, ఆ కళ్ళంలోనే అక్షరాలు నేర్పింది నేనే. కనుక శివరాత్రి ముందు దాని ఉత్తరం వచ్చినప్పుడు, ఒత్తులు తప్పిన చోటల్లా నా తప్పే అనిపించింది.

"అక్కా, బాయి మూడు నిలువులు తవ్వినంక రాయి తగిలింది. రాయి కాదు, అమ్మవారు కూసున్నది అంటున్నరు. పని ఆగింది. ఉగాది దాటితే ఎడ్లనమ్మి, భూమి విడిచిపెట్టి, మందమర్రి బొగ్గు బాయిల పనికి పోదమంటుండు నీ మరిది. నీళ్ళు కోసు దూరం నుంచి మోస్తున్న. నాకు అయిదో నెల. నువ్వొచ్చి నన్ను తీస్కపో."

పోయినేడు ఒక బిడ్డ దాని కడుపులోనే పోయింది. ఈసారి ఉత్తరం చదివి, లేచి మా ఇంటాయన దగ్గరికి పోయాను.

గోదారి మీద పసుపు

మా ఇంటాయన పసుపు రైతు. ఉడకబెట్టిన పసుపు కళ్ళంలో ఉండగా ఇల్లు కదలడం ఆయనకు ప్రాణం పోయినంత పని. అయినా ఉత్తరం విని, "నడువు. పసుపు ఎటూ పోదు. పిల్ల పోతది" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను. ఆ మాట ఆయనతో ఇప్పటిదాకా అనలేదు.

చెల్లెకు ఒడిబియ్యం పోయాలని అయిదు సేర్ల సన్నబియ్యం, రవికెగుడ్డ, ఎండుకొబ్బరి, ఒక సంచి పసుపు కట్టుకున్నాను. ఆడబిడ్డ ఒడిలో పుట్టింటివాళ్ళు పసుపు కలిపిన బియ్యం పోయడం, తరువాత ఆమె వాటిని వండి అందరికీ పెట్టడం మా దిక్కు ప్రతి ఇంట్లో ఉన్నదే. అవ్వ లేదు, అన్నదమ్ములు లేరు. అవ్వ చేతులు నావే అనుకున్నాను.

బస్సులో జగిత్యాల, కరీంనగర్ మీదుగా పెద్దపల్లి చేరి, ఎరిగినవాళ్ళ ఇంట్లో పడుకుని, పొద్దున రైలెక్కాం. గోదారి వంతెన మీదికి రాగానే డబ్బాలో అందరూ లేచి నిలబడి పైసలు వేశారు. మా ఆయన నిజాం కాలపు హాలీ పైసా ఒకటి తీశాడు. కొందరు ఇండియా సర్కారు కల్దార్ పైసలు వేస్తున్నారు. "గంగమ్మకు ఏ సిక్క చెల్లుతదో ఏమో" అని ఆయన చాలాసేపు ఆలోచించేసరికి సగం వంతెన దాటింది. నేను మాత్రం సంచి విప్పి, పిడికెడు పసుపు తీసి, కళ్ళు మూసుకుని, "తల్లీ, నా చెల్లెకు నీళ్ళియ్యి" అని కిటికీలోంచి వదిలాను.

గాలి ఎదురుగా ఉంది. కళ్ళు తెరిచేసరికి మా ఆయన ముఖం, మీసం, తెల్లటి రుమాలు, పక్కనున్న సాయిబు గడ్డం అన్నీ పచ్చగా ఉన్నాయి.

"గంగమ్మ వాపసు ఇచ్చిందే" అన్నాడు మా ఆయన.

సాయిబు గడ్డం దులుపుకుంటూ నవ్వి, "ఫికర్ చేయకు బహెన్. మంచి ఖుష్బూ ఉంది" అన్నాడు. ఆయనను దేవుడు చల్లగా చూడాలి.

మందమర్రి దాకా

మంచిర్యాలలో ఒకావిడ బుట్ట నిండా వంకాయలతో ఎక్కి నా పక్కన కూర్చుంది. పెనిమిటి మందమర్రిలో బొగ్గు బావిలో పనిచేస్తాడట. నేను ఊరుకోలేక అడిగాను: "భయం కాదా అక్కా, మనిషి భూమి లోపలికి పోతుంటే?"

"మొదట అయ్యింది. ఇప్పుడు పోకుంటే భయమయితది. ఇంట్ల కూసుంటే కల్లు దుకాణం దగ్గర కదా!" అని పకపకా నవ్వింది. "కూలి వారం వారం చేతుల పడుతది. నల్లా నీళ్ళు కాలనీలకే వస్తయి. నాకైతే బాధ లేదు. కాకపోతే ఇత్తనం పెట్టి మొలకెత్తుడు చూసుడు లేదు, గదొక్కటే వెలితి. డబ్బాల తులసి పెట్టుకున్న. మా ఆయన డూటీ దిగి వచ్చి ముఖం కడగకముందే దాన్ని చూస్తడు."

మందమర్రిలో దిగుతూ నా చేతిలో రెండు వంకాయలు పెట్టింది. నేను పసుపు ఇవ్వబోతే, "ఇప్పటికే డబ్బా అంతా పంచినవు" అంది. పొగగొట్టాలు, వరుసగా ఒకే తీరు ఇండ్లు, నల్లటి బాటలు. పొగ నా కంట్లో పడి నీళ్ళు కారాయి. ఆమె చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాని నీళ్ళు మోసి మోసి నడుము పట్టేసినా చిక్కుడు పాదు పూత గురించి నాకు ఉత్తరం రాసే పిల్ల నా చెల్లె. డబ్బాలో తులసితో అది ఎట్లా బతుకుతుంది?

చెలిమె నీళ్ళు

ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్‌లో దిగి, జొన్నరొట్టె, మిరపకారం తిన్నాం. రొట్టె మా దిక్కు రొట్టెకు రెండింతలు, ధర సగం. మా ఆయన మూడు తిని, "ఈ ఊరికి వలస రావచ్చు" అన్నాడు. మా జాబు అంది మరిది పంపిన బండి అక్కడే ఉంది. రోజంతా అడవిలో ప్రయాణం. మోదుగులు ఆకు లేకుండా నిప్పులా పూసి ఉన్నాయి.

మధ్యాహ్నం ఒక గోండు గూడెం దగ్గర ఎడ్లను విప్పాం. ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి, "రాం రాం" అని, ఎండిన వాగులోకి దిగింది. చేతులతో ఇసుక తోడి చెలిమె చేసి, నీళ్ళు ఊరేదాకా పక్కనే కూర్చుంది. మొదట ఊరిన బురద నీళ్ళు పారబోసింది. రెండోసారి ఊరినవీ పారబోసింది. మూడోసారి తేటపడ్డాక సొరకాయ బుర్రలో ముంచి తెచ్చింది. ఎవరమో తెలియని మాకోసం అంత ఓపిక. మా ఇండ్లలో దాహమన్నవాడికి కడవలోంచి ముంచి ఇస్తాం. అది దానమే. కాని నీళ్ళు ఊరేదాకా పక్కన కూర్చోవడం వేరు. పైసలు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకుంది. పసుపు కొమ్ము ఇస్తే మాత్రం వాసన చూసి కొంగున కట్టుకుంది.

గీతల బండ

పొద్దు పడమటికి తిరిగే వేళకు ఇంకో వాగు దాటుతుంటే మా ఆయన చెప్పు తెగింది. బండి ఆపాం. ఒడ్డున గుడారం, కుర్చీ, ఎండలో వరుసగా పేర్చిన రాళ్ళు. టోపీ పెట్టుకున్న ఒక చిన్న వయసు అయ్య వాగులో మోకాళ్ళ మీద వంగి, బండను బుగ్గతో తాకేంత దగ్గరగా చూస్తున్నాడు.

"ఆయన రాళ్ళ సారు. సర్కారు పంపిందట. రాళ్ళను కొట్టి ముక్కలు సంచిలేసుకుంటడు. జర పిచ్చి" అన్నాడు బండివాడు, వినపడేటట్టే.

ఆయన లేచి నవ్వాడు. "పిచ్చి కాదు నాయనా, ఉద్యోగం. రెండూ ఒకటే అనుకో" అన్నాడు. మాట గోదావరి కింది జిల్లాల మాట. రాజమండ్రి వైపు వాళ్ళట. "మీరు గోదారి దాటి వచ్చారా అమ్మగారూ? మా ఇంటి ముందుకు చేరే నీళ్ళన్నమాట" అని మాకు టీ పోయించాడు. బిళ్ళలు బిళ్ళలుగా ఉన్న చక్కెర వేశాడు. అట్లాంటి చక్కెర నేను చూడటం అదే మొదలు.

వాగు అడుగు బండ మీద గీతలు ఉన్నాయి. ఒకటి రెండు కాదు, బండ పొడవునా, దువ్వెనతో దువ్వినట్టు, అన్నీ ఒకే దిక్కుకు. బండివాడు దండం పెట్టి, "దేవుని రథం పోయిన జాడలు" అన్నాడు.

"రథమే, కాని చక్రాలు లేవు" అన్నాడు రాళ్ళ సారు. "కోట్ల ఏళ్ళ కిందట ఇదంతా మంచు అమ్మగారూ. గడ్డి మీద పొద్దున్నే ఉండే మంచు కాదు. గుట్టంత మందాన గడ్డకట్టిన మంచు. అది నడిచేది."

"మంచుగడ్డ నడుస్తదా సారూ?" అన్నాడు మా ఆయన, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని.

"నడుస్తుంది. ఎంత మెల్లగానంటే, పక్కన నిలబడ్డవాడికి తెలియనంత. దాని కడుపు కింద రాళ్ళు ఇరుక్కుని ఉంటాయి. పైనున్న బరువుకు అవి నేలను గీసుకుంటూ పోతాయి. నేలా గీరుకుంటుంది, రాయీ అరుగుతుంది."

పేర్చిన వాటిలోంచి ఒక రాయి తీసి నా చేతిలో పెట్టాడు. మూడు పక్కల గుండ్రం. ఒక పక్క చదును, ఆ చదును మీద సన్నటి గీతలు. ఆ ముఖం నాకు తెలుసు. ప్రతి పొద్దున దేవుడి ముందు సానమీద గంధం తీసేటప్పుడు నా చెక్క అరిగేది ఆ తీరుగానే. ఒకే చేతిలో, ఒకే పక్కకు, ఏళ్ళ తరబడి అరిగిన చెక్క ముఖం అది.

"గంధపు చెక్క తీరుగ ఉన్నది" అన్నాను.

ఆయన కళ్ళు పెద్దవి చేసి చూశాడు. "మా కాలేజీలో ఇంత బాగా చెప్పలేదండీ" అన్నాడు.

ఒడ్డు కోసుకుపోయిన చోట పచ్చటి జిగట మట్టి, అందులో ఎక్కడపడితే అక్కడ పెద్ద రాళ్ళు, చిన్న రాళ్ళు, ఎర్రవి, నల్లవి. దాన్ని చూపిస్తూ అన్నాడు: "వాగు మోస్తే పెద్దవి ఒకచోట, ఇసుక ఒకచోట, ఒండ్రు ఒకచోట పరుస్తుంది. ఇక్కడ అన్నీ కలిసి ఉన్నాయి చూడండి."

"చేటలో చెరగలేదు, గంప బోర్లించింది" అన్నాను.

"అంతే! మంచుకు చెరగడం రాదు. కరిగిన చోట మూట దించేసి పోతుంది." తరువాత ఒక ఎర్ర రాయి మీద చెయ్యి వేసి, "ఇది ఈ చుట్టుపక్కల రాయి కాదు. గీతలు దక్షిణం నుంచి ఉత్తరానికి ఉన్నాయి. ఇటువంటి ఎర్ర రాయి మీ కరీంనగరం గుట్టల వైపు చూశాను. అక్కడిదే అని ప్రమాణం చేయలేను గాని, ఆ దిక్కు నుంచే వచ్చింది" అన్నాడు.

నేను ఆ ఎర్ర రాయిని చూస్తూ ఉండిపోయాను. దేవుడికి తొందర లేదు. ఒక రాయిని మా ఊరి దిక్కు నుంచి ఇంత దూరం తేవడానికి ఎన్ని తరాలు తీసుకున్నాడో.

పచ్చ మట్టిలో ఎర్ర ముఖం

చెల్లె ఇల్లు ఊరి చివర. నన్ను చూడగానే బిందె దించి, ఏడ్వకుండా, "పప్పుల ఉప్పు ఎక్కువేసిన అక్కా, తిట్టకు" అంది. ముఖం చిక్కిపోయింది. నెత్తి మీద చుట్టకుదురు పెట్టిన చోట వెంట్రుకలు రాలిపోయాయి. నేను అక్కడ చెయ్యి పెట్టి నిమిరాను. అప్పుడు ఏడ్చింది.

మరిది మల్లయ్య మంచివాడు. నిజాం పోయి కొత్త సర్కారు వచ్చిన ఏడు, సస్తాలో, చవగ్గా భూమి దొరుకుతుందని ఇటు వచ్చాడు. పొదలు కొట్టి, రాళ్ళు ఏరి, చేతులు కాయలు కాచాయి. మరునాడు పొద్దున ఆయన మమ్మల్ని బావి దగ్గరికి తీసుకుపోయాడు. బండి దిగేటంత వెడల్పు, మట్టి మోయడానికి ఏటవాలు బాట. అడుగున పచ్చటి మట్టి మధ్యలోంచి ఒక ఎర్రటి ముఖం పైకి చూస్తోంది. నున్నటి చదును ముఖం. నుదుటి మీద పెట్టినట్టు మూడు గీతలు. దాని ముందు దీపం, నిమ్మకాయలు, ఎండిపోయిన పూలు.

నేను ముందు దండం పెట్టాను. తరువాతే చూశాను. ఆ ముఖం నేను ముందురోజు చేతిలో పట్టుకున్నదే.

తవ్వకం మేస్త్రీ ఒడ్డె ఎల్లయ్య ఒడ్డున బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. పని ఆగినా ఊరు విడిచిపోలేదు.

"కింద ఎంత లోతుకు ఉందో చూసినవా ఎల్లయ్యా?"

"యాడ చూస్తనవ్వా? బండయితే ఇరవై ఏండ్ల సంది కొడుతున్న, గిది కూడ కొడుదును. ముఖం చూపెట్టినంక గడ్డపార ఎట్ల ఎత్తాలె? గడ్డపార కడిగి పక్కన పెట్టిన."

రాళ్ళ సారు మాటలన్నీ మరిదికి చెప్పాను. ఆయన తల వంచుకుని విన్నాడు. చివరికి అన్నాడు: "వదినె, నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. గా సారు బాయి మాట ఇని నాతోటి కూడ అన్నడు, మందు పెట్టి పేలుస్తే ఒక్క పూటల అయితదని. పోయినేడు చేను సాపు చేసేటప్పుడు పుట్ట తవ్విన. అందరు వద్దన్నరు, నేను ఇనలే. నెల తిరగకముందే బిడ్డ పోయింది. నీళ్ళు లేకున్నా యాడనో ఒకచోట బతుకుతం. ఇంకో బిడ్డ పోతే అది బతుకదు. నేను బతుక."

ఆ పూట అందరం తిన్నామనిపించుకుని లేచాం. మూడోనాటికి చెల్లెను తీసుకుని తిరుగుప్రయాణం కావాలని మా ఆయన, మరిది మాట్లాడుకున్నారు. చెల్లె వింటూ, గుమ్మం పక్కన చిక్కుడు పాదుకు చెయ్యి కడిగిన నీళ్ళే పోస్తోంది.

పుట్టింటివాళ్ళు

మరునాడు చెల్లెకు ఒడిబియ్యం పోయాలి. పీట వేసి కూర్చోబెట్టాను. బియ్యంలో పసుపు కలుపుతుంటే అది మెల్లగా అడిగింది: "అక్కా, అమ్మవారు కూడ మన దిక్కు నుంచే వచ్చిందన్నడా సారు? నిజమేనా?"

"ఆ దిక్కు నుంచే అన్నడు."

"అయితే ఆమె కూడ నా తీర్గనే" అంది. "మన ఊరు విడిచి, గింత దూరమొచ్చి, గీ మట్టిల దిగబడ్డది. చూడవోయేటోళ్ళు లేరు."

నా చేతులు బియ్యంలో ఆగిపోయాయి. రాత్రంతా దేవుణ్ణి అడిగినదానికి జవాబు ఈ పిల్ల నోట వచ్చింది. ఒడి నింపి, దాని నొసట బొట్టు పెట్టి, మిగిలిన బియ్యం పళ్ళెంలో పోసుకుని బయటికి వచ్చాను.

"మల్లయ్యా, ఒక మాట అడుగుత. మా చెల్లె నీ ఇంటికి వచ్చిననాడు వాకిట్ల నిలబెట్టినవా, లోపలికి తెచ్చినవా?"

"ఏం మాట వదినె? లోపలికి తెచ్చిన."

"గా తల్లి కూడ మా దిక్కు ఆడబిడ్డ. మా నేల మీద పుట్టి, మంచు మోసుకొస్తే వచ్చింది. మంచు కరిగి దించేసింది. అప్పటిసంది బురదల కూసున్నది. పగలగొట్టమని నేనన్ననా? పుట్టింటోళ్ళం వచ్చినం. ఒడి నింపి, లేపి, గట్టు మీద కూసోబెడుతం. ఆడబిడ్డను లేపే హక్కు పుట్టింటోళ్ళకు ఉన్నదా, లేదా? దోషమంటూ ఉంటే నీ ఇంటికి రాదు. నా నెత్తిన పడనీ."

కొందరు చదువుకున్నవాళ్ళు ఇది చదివి, ఈవిడ తెలివిగా ఉపాయం పన్నింది అనుకోవచ్చు. నేను నమ్మకుండా ఒక్క మాట కూడా అనలేదు. సారు చెప్పిందీ నమ్మాను, తల్లినీ నమ్మాను. నాకు ఆ రెండూ వేరుగా కనబడలేదు.

మరిది చెల్లె ఒడిలోని పచ్చటి బియ్యం వైపు చూశాడు. "నీ నెత్తిన ఎందుకు పడాలె వదినె" అన్నాడు. "అందరం కలిసే మొక్కుదం. మెల్లగ లేపాలె. గీరుకోవద్దు."

మా ఆయన చొక్కా విప్పుతూ, "ఇంతకు నేనెటు? పుట్టింటోన్నా, అత్తింటోన్నా?" అన్నాడు.

"నువ్వు మోసెటోనివి బావా" అంది చెల్లె. మేం వచ్చాక అది నవ్వడం అదే మొదలు.

సుత్తె బయట

బావిలోకి దిగి అయిదు దోసిళ్ళ బియ్యం ఆ తల్లి ముందు పోశాను. తెచ్చిన పసుపంతా ముఖానికి పూశాను. ఎల్లయ్య గడ్డపార కళ్ళకద్దుకుని, రాయికి తగలకుండా పక్కన మట్టిలో దించాడు. గడ్డపార మూరెడు దిగింది. మళ్ళీ దించాడు. ఇంకో మూరెడు.

"బండ కాదవ్వా!" అని అరిచాడు. "కింద మన్నే! నా ఇరవై ఏండ్ల పని మన్నుల కలిసె. నేను బండనుకొని మొక్కుకుంట కూసున్న!"

"మొక్కుడు వేస్టు పోలే తియ్యి" అన్నాడు మా ఆయన.

చుట్టూ మట్టి తీయడానికి రెండు రోజులు పట్టింది. కూర్చున్న కోడెదూడంత రాయి. రాళ్ళ సారు కబురు విని తన గుడారం ఇనుప గొలుసులు తెచ్చాడు. మరిది ఏటవాలు బాటకు అడ్డంగా నిలబడ్డాడు. "సారూ, గొలుసులకు దండం. సుత్తె మాత్రం బయట పెట్టి రావాలె."

సారు సుత్తె తీసి చింతకొమ్మకు తగిలించాడు. బూట్లు కూడా విప్పాడు. రాయి పక్కకు ఒరిగి అడుగు ముఖం కనబడగానే ఉండబట్టలేక బురదలో సాష్టాంగంగా పడుకుని, గీతలను వేలితో తడుముతూ లోపలికి తొంగిచూశాడు. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు చెంపలేసుకున్నారు.

"చూడు, సారు కూడ మొక్కుతుండు" అంది ఒకామె.

ఆయన ముఖమంతా పచ్చ మట్టితో లేచి, నా వైపు చూసి, "ఒకరకంగా నిజమే అమ్మగారూ" అన్నాడు.

నాలుగు జతల ఎడ్లు, కింద దుంగలు, మోకులు, గొలుసులు. ఒక మోకు తెగింది. రాయి జానెడు జారి, దుంగకు ఆనుకుని నిలబడింది. మరిది ముఖం తెల్లబోయింది. అప్పుడు చెల్లె ఒడ్డు మీది నుంచి, ఒడిబియ్యం మూట పట్టుకున్న చేత్తోనే, మా ఊళ్ళో ఆడబిడ్డను సాగనంపేటప్పుడు అన్నట్టు, "పోయి రా తల్లీ, పైలం" అంది. ఎద్దుల మెడలు మళ్ళీ వంగాయి. పొద్దుగూకేసరికి ఆమె గట్టు మీద, తూర్పు ముఖంగా కూర్చుంది.

పదకొండో నాడు

నీళ్ళు వెంటనే రాలేదు. వచ్చాయని రాస్తే బాగుంటుంది గాని అబద్ధమవుతుంది. రాయి లేచిన గుంత రెండు రోజులు పొడిగానే ఉంది. మరిది పైకి ఏమీ అనకపోయినా అన్నం సగంలో లేచేవాడు. మా ఆయన పసుపు మాట ఎత్తకుండా గడ్డపార పట్టి ఎల్లయ్యతో పాటు దిగేవాడు. "కాడెడ్లకు లేని నడుము నొప్పి నాకెందుకే?" అని సణుగుతూ రాత్రి నాతో ఆముదం రాయించుకునేవాడు. అయిదోనాడు మట్టి మెత్తబడింది. ఎనిమిదోనాడు ఇసుక తగిలింది. పదోనాడు పొద్దుగూకే వేళ ఎల్లయ్య పైకి వచ్చి, ఏమీ అనకుండా, తన పాదాలు చూపించాడు. తడి.

పదకొండోనాడు పొద్దున మోకాలి లోతు నీళ్ళున్నాయి. మొదటి బొక్కెన బురద. మరిది పారబోయబోయి ఆగాడు. "రెండుసార్లు పారబోయాలె. మూడోది తేట" అన్నాను. అది చెలిమె దగ్గర ముసలమ్మ నేర్పిన ఓపిక. ఆమె పేరు కూడా అడగలేదు నేను.

మేం చెల్లెను తీసుకుపోదామని వచ్చాం. బండిలో దాని కింద వేయడానికని ఇంటి నుంచి పరుపు కూడా మోసుకొచ్చాం. ఆ పరుపు వాళ్ళింట్లోనే విడిచిపెట్టాం. ఎడ్లను కొంటానన్న మనిషికి మరిది కబురు పంపాడు: ఎడ్లకు పని ఉంది, అమ్మేది లేదని.

మూడో బొక్కెన తేటగా వచ్చింది. చెల్లె చెంబుతో ముంచి నా చేతికిచ్చింది. మొదటి నీళ్ళు తల్లికే. నేను గట్టు మీది రాయి నెత్తిన పోశాను. పసుపు కరిగి, ఒక్కో గీతలో ఒక్కో సన్నటి ధారగా, అన్ని ధారలూ ఒకే దిక్కుకు పారాయి. మంచు అంటే నీళ్ళే కదా. నిన్ను మోసుకొచ్చి, ఇక్కడ దించి, ఎటో వెళ్ళిపోయిన నీళ్ళు మళ్ళీ నీ దగ్గరికి వచ్చాయి తల్లీ అనుకున్నాను. నా కళ్ళు మసకబారాయి. రెండో చెంబు తీసుకుని అది కూడా పోయబోయాను.

చెల్లె చెయ్యి పట్టుకుంది.

"అన్ని ఆమెకే పోయకే అక్కా. జర ఉంచు. ఒడిబియ్యం కడగాలె."